మధ్యవర్తి మాట

"అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి" అన్నారు మన పెద్దలు. అమ్ముకొనేవాడికి తన సొత్తు నడి అడవిలో పరచుకొని కూర్చున్నట్లుంటుంది, అడిగే నాథుడు కనిపించడు. కొనేవాడికి అదే సొత్తు చేయి చాస్తే కాలే కొరివి. ఈ సామెత చెప్పినవారు అమ్మేవాణ్ణీ కొనేవాణ్ణీ తలచుకొన్నారు గాని, ఆ ఇద్దరి నడుమ నిలబడే మూడవ మనిషిని తలచుకోలేదు.

ఆ మూడవ మనిషికి మన భాషలో పేర్లకు కొదువ లేదు. మధ్యవర్తి అన్నది సంస్కృతం. దళారి అన్నది అరబ్బీ 'దల్లాల్' నుంచి వచ్చినది. దారి చూపడమే ఆ ధాతువుకు అర్థం. బ్రోకరు ఇంగ్లీషు. తరగరి అనే పాత తెలుగు మాట కూడా ఉన్నది. అతడు పుచ్చుకొనే ప్రతిఫలం తరగు. ఏ పేరుతో పిలిచినా లోకానికి అతడంటే గౌరవం తక్కువే. "వాడు రియల్ ఎస్టేటు చేస్తున్నాడు" అని ఎవరిని గురించైనా చెప్పేటప్పుడు మన పెదవి కొంచెం వంకర పోతుంది. ధరలు పెరిగే రోజుల్లో ఆ వృత్తిని చూసి మనం ఏర్పరచుకొన్న అభిప్రాయం అది. ధరలు పడిపోయి, కొనేవాడు మాయమైన రోజుల్లో అదే వృత్తిని దగ్గరనుంచి చూసినవారు కూడా ఆ అభిప్రాయం మీదనే నిలుస్తారా అన్నది ఆలోచించవలసిన విషయం.

ఎక్కువా తక్కువా రెండూ పదేండ్ల లోపల చూపిన సీమ మాది. 2014 జూన్ 2న రాష్ట్రం విడిపోయింది. ఆ సెప్టెంబరు 4న, కొత్త రాజధాని విజయవాడ పరిసరాలలో వస్తుందని శాసనసభలో ప్రకటన వెలువడింది. 2015 ఆరంభం నుంచి కృష్ణ దక్షిణపు గట్టున 29 గ్రామాలలో భూసమీకరణ సాగింది. రైతులు సుమారు 34 వేల ఎకరాలు ఇచ్చారు. దానికి ప్రతిగా వారికి ముట్టజెప్పింది రొక్కపు ధర కాదు. జరీబు భూమి ఎకరం ఇచ్చిన రైతుకు 1,000 గజాల నివాసస్థలం, 450 గజాల వాణిజ్యస్థలం ఇస్తామన్నారు. మెట్ట అయితే 1,000 గజాలు, 250 గజాలు. పదేండ్లపాటు ఏటా కౌలు. మొదటి ఏడు జరీబుకు 50 వేలు, మెట్టకు 30 వేల రూపాయలు, తరువాత ఏటేటా కొంత పెంపు.

ఎకరం అంటే 4,840 గజాలు. మూడు కార్లు పండే 4,840 గజాలు విడిచి 1,450 గజాల కాళీ స్థలం పుచ్చుకొనడంలో రైతుకు లాభం ఎక్కడున్నది? ఒక మాటలో ఉన్నది. ఇక్కడ నగరం లేస్తుందన్న మాటలో ఉన్నది. పొలం విలువ పంటను బట్టి నిలుస్తుంది. ఇంటిస్థలం విలువ రేపటిని గురించిన మాటను బట్టి నిలుస్తుంది. ఈ తేడాను పట్టించుకొన్నవారు ఆనాడు తక్కువ.

2015 అక్టోబరు 22, విజయదశమి నాడు ఉద్దండరాయునిపాలెంలో శంకుస్థాపన జరిగింది. అప్పటికే గుంటూరునుంచి మంగళగిరి వరకు, బెజవాడనుంచి నూజివీడు వరకు, దారి పొడుగునా స్థలాల ప్రకటనలే. నిన్నటివరకు ఎరువుల కొట్టు నడిపినవాడు, ఆటో తోలినవాడు, బీయేలో సీటు వచ్చినా చేరనివాడు, అందరూ మధ్యవర్తులే. టీకొట్టు బల్ల మీద సర్వే నంబర్లు చేతులు మారేవి. కొనుగోలుదారు పేరు ఎవరికీ అక్కరలేదు, అతడు 'పార్టీ'. కాలేజీలో మా అధ్యాపకుల గదిలో కూడా సంభాషణ పంచమహాకావ్యాలనుంచి గజం ధరకు దిగింది. ఈ మాట ఇతరులను ఎత్తిపొడవడానికి అనడం లేదు. ఒక ఆదివారం నాడు నేనూ గొడుగు వేసుకొని పోయి ఒక స్థలం చూసి వచ్చినవాణ్ణే. పైకం సమకూడక ఆగినాను గాని వివేకం వల్ల కాదు.

ఆ రోజుల్లో అమ్మకం ఎలా సాగేదో తెలిస్తే తరువాత జరిగింది అర్థమవుతుంది. కొనదలచినవాడు ధరలో కొంత భాగం బయానాగా ఇచ్చి, అగ్రిమెంటు వ్రాయించుకొంటాడు. మిగిలిన సొమ్ము మూడు నెలలకో ఆరు నెలలకో చెల్లించి రిజిస్ట్రేషను చేయించుకోవాలి. ఇంతవరకు సహజమే. కాని ధర వారం వారం పెరుగుతున్నప్పుడు, గడువు లోపల ఆ అగ్రిమెంటునే మరొకరికి లాభానికి అమ్మవచ్చు. ఆ మరొకరు ఇంకొకరికి అమ్మవచ్చు. భూమి ఉన్నచోటనే ఉంటుంది, కాగితం మాత్రం తిరుగుతుంది. ఇలా తిరిగే ప్రతివాడూ రేపు తనకంటె ఎక్కువ ధర పెట్టేవాడు ఒకడు వస్తాడన్న నమ్మకంతోనే తిరుగుతాడు. నమ్మకం ఉన్నంతకాలం అందరూ లాభపడ్డట్లే కనిపిస్తుంది. అది సడలిన రోజున కాగితం ఎవరి చేతిలో ఉంటే వాడు చిక్కుకొంటాడు.

బయానాకు మన పాత మాట సంచకారం. సంస్కృతంలోని సత్యంకారానికి ఇది తద్భవం. నేను అన్న మాటను సత్యం చేస్తాను అని చెప్పి ఇచ్చే ద్రవ్యమన్నమాట. సొమ్ము పేరులోనే సత్యాన్ని పెట్టుకొన్న భాష మనది. అగ్రిమెంట్లు తిరిగిన ఆ రోజుల్లో ఆ అర్థం ఎవరికీ గుర్తులేదు.

2019 డిసెంబరు 17న మూడు రాజధానుల ఆలోచన శాసనసభలో వెలువడింది. మరునాటినుంచే ఫోనులు మూగబోయినవి. నాలుగు నెలలు తిరగకముందే, 2020 మార్చి 25నుంచి, కరోనా వల్ల దేశమంతా తలుపులు మూసుకొన్నది. రాజధాని గ్రామాల రైతులు నాలుగేండ్లకు పైగా దీక్షాశిబిరాల్లో కూర్చున్నారు. 2022 మార్చి 3న హైకోర్టు రైతులకు అనుకూలంగా తీర్పు చెప్పింది. వ్యవహారం అక్కడినుంచి సుప్రీంకోర్టుకు పోయింది. ఇవన్నీ పత్రికల్లో వచ్చిన సంగతులే. ఆ కాలంలో మధ్యవర్తి బ్రదుకు ఎలా గడిచిందన్నది మాత్రం పత్రికల్లో అంతగా రాలేదు.

అతడికి జీతం లేదు. కమీషను రిజిస్ట్రేషను నాడే చేతికి వస్తుంది. ఆరు నెలలు తిరిగి, పాతికసార్లు పొలం గట్లమీద నడిచి, కడపట బేరం చెడితే అతడికి పెట్రోలు ఖర్చు కూడా రాదు. రిజిస్ట్రేషన్లే జరగని రోజుల్లో అతడికి పని లేకుండా పోయిందా అంటే, అదీ కాదు. పని రెండింతలయింది, కూలి లేకుండా పోయింది. బయానా ఇచ్చినవాడు తన సొమ్ము తిరిగి ఇప్పించమంటాడు. పుచ్చుకొన్న రైతు దానితో కూతురి పెండ్లి చేసి ఉంటాడు. గడువు తప్పింది నీవు కనుక బయానా నాదేనని ఈయన, భూమి ధరే సగమైతే ఆ ధరకు నేనెట్లా కొంటానని ఆయన. ఇద్దరూ కలిసి చూపే వేలు మాత్రం మధ్యవర్తి వైపే. "నీ మాట నమ్మి కదా!" అన్నది ఇద్దరి నోటా వచ్చే ఒకే వాక్యం. ఆఫీసు గదులకు తాళాలు పడినవి. కొందరు ఫోను నంబర్లు మార్చుకొన్నారు. కొందరు తిరిగి ఆటో తోలుకొన్నారు. నిలిచినవారు కొద్దిమంది.

ఆ కొద్దిమందిలో ఒకడు నా పాత విద్యార్థి. తరగతిలో పద్యం రాగయుక్తంగా చదివేవాడు. బీయే పూర్తి చేసి, ఉద్యోగం కోసం మూడేండ్లు చూసి, 2015లో ఈ వృత్తిలోకి పోయినాడు. "నీ కెందుకురా ఈ పని?" అని అప్పుడు నేను అన్నమాట నిజం. 2021లో, సంక్రాంతి వెళ్ళిన కొన్నాళ్ళకు, మా ఇంటికి వచ్చినాడు. చేతిలో ఒక పాత దస్తావేజు నకలు. అరవై యేండ్లనాటి గొలుసుకట్టు వ్రాత.

"మాస్టారూ, చెక్కుబందిలో దక్షిణం హద్దు దగ్గర ఈ నాలుగు అక్షరాలు ఏమిటో చూసి పెట్టండి" అన్నాడు.

కళ్ళద్దాలు తుడుచుకొని చదివినాను. 'ధూ. దీ. నై. మాన్యం' అని ఉన్నది.

"ధూప దీప నైవేద్య మాన్యం, నాయనా. గుడిలో నిత్యపూజ జరగడానికని ఇచ్చిన భూమి."

"నాకూ అలాగే తోచింది మాస్టారూ. కాదంటారేమోనని వచ్చాను."

ఆ తరువాత విషయమంతా చెప్పినాడు. దస్తావేజులో ఆ భూమి ఎకరం 20 సెంట్లు. అన్నదమ్ములు పంచుకొన్న భూమిని అతడు స్వయంగా టేపు పట్టి కొలిస్తే ఎకరం 32 సెంట్లు తేలింది. ఉత్తరాన డొంక, తూర్పు పడమరల ఇతరుల ఇండ్లు, కదలడానికి చోటు లేదు. కదిలితే దక్షిణపు గెట్టే కదలాలి. ఏటికొక చాలు చొప్పున నాగలి గుడి మాన్యంలోకి నడిచింది. సెంటుకు 48 గజాల పైచిలుకు. 12 సెంట్లంటే 580 గజాలు. తరువాతి కాలపు దస్తావేజులు వ్రాసినవారు ఆ నాలుగు పొడి అక్షరాల అర్థం తెలియకనో, తెలిసియో, దక్షిణం హద్దును 'ఇతరుల భూమి' అని వ్రాసి ఊరుకొన్నారు. ఇప్పుడు అమ్మకానికి వచ్చిన నాలుగు సెంట్లు సరిగా ఆ దక్షిణపు కొసన ఉన్నవి.

"ఈసీ తీయించాను. శుభ్రంగా ఉన్నది. వకీలుగారు లింకు డాక్యుమెంట్లు ముప్ఫై యేండ్లకు చూసి సరే అన్నారు. అంతకు వెనుకటి నకలు నేను ఊరికే తెప్పించాను. తెప్పించకపోయినా అడిగేవారు లేరు. పార్టీ బయానా కూడా ఇచ్చేశారు. పద్నాలుగు నెలలయింది మాస్టారూ, ఒక్క రిజిస్ట్రేషను లేదు. అమ్మేవారు రెట్టింపు కమీషను ఇస్తామన్నారు."

"కొనేవారెవరు?"

"భార్యాభర్తలిద్దరూ బడిపంతుళ్ళే. రిటైరైనప్పుడు వచ్చిన డబ్బు."

నేను సలహా చెప్పలేదు. చెప్పే అర్హత నాకున్నదని అనిపించలేదు. నెల మొదటి తేదీకి జీతం వచ్చేవాడు, పద్నాలుగు నెలలుగా రూపాయి రానివాడికి సత్యాన్ని గురించి ఉపన్యసించడం సులభం. ఆ సులభమైన పని నేను ఎన్నో యేండ్లు తరగతిలో చేసినవాణ్ణే. అతడు కాఫీ త్రాగి, నకలు మడిచి సంచిలో పెట్టుకొని వెళ్ళిపోయినాడు.

ఆ సాయంత్రమే పోయి ఆ దంపతులకు చెప్పినాడట. వారు సంతోషించలేదు. "ఇంత దూరం వచ్చినాక ఇప్పుడా చెప్పేది?" అని కోపగించినారు. అమ్మేవారు బయానా తిరిగి ఇవ్వమన్నారు. వీడు బేరాలు చెడగొట్టే మనిషి అని ఊరంతా చెప్పినారు. నాలుగు నెలలు రెండిండ్ల చుట్టూ తిరిగి, మూడు విడతలుగా ఆ బయానా రాబట్టి పంతులుగారి చేతిలో పెట్టినాడు. దానికి ఎవరూ అతడికి పైసా ఇవ్వలేదు. అతడు అడగనూ లేదు. ఆ యేడు అతడి ఇల్లు గడిచింది భార్య బట్టలు కుట్టడం వల్ల.

ఇక్కడ చట్టం ఏమంటున్నదో చూడాలి. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షను, ఆస్తిలోగాని హక్కులోగాని తనకు తెలిసిన ముఖ్యమైన లోపాన్ని, కొనేవాడు సాధారణమైన జాగ్రత్తతో కనిపెట్టలేనిదాన్ని, అమ్మేవాడు చెప్పి తీరాలంటుంది. అంటే భారం అమ్మేవాడిమీద పెట్టింది. మధ్యవర్తి ఊసు లేదు. మధ్యవర్తిని చట్టం పేరుపెట్టి పిలిచింది 2016 నాటి రెరా చట్టంలో. 500 చదరపు మీటర్లు దాటిన లేఅవుటుగాని, ఎనిమిదికి మించిన ఫ్లాట్లుగాని రిజిస్టరు కానిదే అమ్మరాదు. వాటిని అమ్మిపెట్టే ఏజెంటు కూడా రిజిస్టరు కావాలి, అబద్ధం చెప్పకూడదు, కాగితాలన్నీ కొనేవాడికి అందేటట్లు చూడాలి. తప్పితే రోజుకు 10 వేల రూపాయల జరిమానా. ఇది మేలైన చట్టం. కాని ఒక కుటుంబం తన పాత భూమిలో ఒక ముక్క అమ్ముకొంటుంటే సాధారణంగా ఈ చట్టం అక్కడికి రాదు. ఊళ్ళల్లో, చిన్న పట్టణాల్లో మనవంటివారు కొనేది ఎక్కువగా అటువంటి ముక్కలే. అక్కడ కొనేవాడికి రక్ష మధ్యవర్తి నోటిలోని మాట ఒక్కటే.

మాట మంచిదైనా మన జాగ్రత్త మనకు ఉండాలి. ఉపాధ్యాయ మిత్రులు జీవితకాలపు కూడిక ఒక్క సంతకంతో ఇచ్చివేసేముందు కొన్ని సంగతులు గుర్తుంచుకోవాలి. ఈసీ అనే ధ్రువపత్రం రిజిస్టరయిన లావాదేవీలను మాత్రమే చెబుతుంది. వ్రాయని తగాదాలు, జరిగిన గెట్లు దానికి తెలియవు. అగ్రిమెంటు చేసుకొన్నంతలో భూమిమీద హక్కు రాదు. విక్రయ దస్తావేజు రిజిస్టరు కావాలి. ప్రభుత్వానివి, దేవాదాయానివి అయిన భూముల పట్టిక ఒకటి రిజిస్ట్రేషను చట్టం 22-ఎ సెక్షను కింద ఉంటుంది. సర్వే నంబరు అందులో ఉన్నదేమో చూడాలి. అనుమతి లేకుండా గుడి భూమి అమ్మితే 1987 నాటి దేవాదాయ చట్టం ప్రకారం ఆ అమ్మకం చెల్లదు. ఎన్ని చేతులు మారినా దోషం పోదు. అన్నిటికంటె ముఖ్యం, చెక్కుబందిని చదవడం. కాగితంమీది నాలుగు హద్దులను నేలమీది నాలుగు హద్దులతో కలిపి చూడాలి. విద్యార్థులకు నేనొకటి చెబుతాను: మీ తాతగారి పెట్టెలోని దస్తావేజు ఒకటి తీసి చదవండి. డొంక, పుంత, గెట్టు, పోరంబోకు, మాన్యం అన్న మాటలు పరీక్షలో రాకపోవచ్చు. వాటి అర్థం తెలియనందువల్ల ఇల్లు పోగొట్టుకొన్నవారు ఉన్నారు.

2024 జూన్ తరువాత మా సీమలో మళ్ళీ ఫోనులు మ్రోగినవి. 2025 మే 2న అమరావతి పనులు తిరిగి మొదలైనవి. కొత్త ముఖాలు, కొత్త కార్లు, అవే టీకొట్లు. పెరిగే బజారులో అమ్మడానికి నేర్పు అక్కరలేదు, ధరే అమ్మిపెడుతుంది. అందుచేతనే ఆ రోజుల్లో చూసి ఆ వృత్తిని అంచనా వేయడం పొరపాటు. వైద్యుణ్ణి ఆరోగ్యవంతుడి ఇంట చూసి ఏం చెప్పగలం?

ఈ మధ్య నా విద్యార్థి బజారులో కలిసినాడు. ఆ పంతులుగారి దంపతుల సంగతి అడిగినాను.

"పక్క ఊళ్ళో పాత డాబా ఇల్లు కొనుక్కొన్నారు మాస్టారూ."

"నీ ద్వారానేనా?"

"కాదండీ, వేరే ఆయన ద్వారా" అని నవ్వినాడు. కొంచెం ఆగి, "రిజిస్ట్రేషనుకు ముందు కాగితాలన్నీ నాకు పంపి చదివి చెప్పమన్నారు. చదివి పంపాను" అన్నాడు.

కమీషను సంగతి నేను అడగలేదు. దానికి కమీషను ఉండదని నాకు తెలుసు. కాని ఆ దంపతులు ఆ కాగితాలు మరెవరికీ పంపలేదు. సంచకారమనే మాటకు అర్థం నేను ముప్ఫై యేండ్లుగా నిఘంటువులో చూపిస్తూ వచ్చినాను. ఇకమీదట తరగతిలో ఆ మాట వచ్చినప్పుడు, నిఘంటువు ప్రక్కన పెట్టి, పేరు చెప్పకుండా ఇతడి కథ చెబుతాను.